కఠినమైన పాఠ్యాంశం: విద్యార్థి బాధ్యత, కళాశాల బాధ్యత

డిగ్రీ ప్రవేశాల వేళ ఐచ్ఛిక తెలుగును ఎన్నుకొనదలచిన విద్యార్థినీ విద్యార్థులు, ముఖ్యంగా ఇంట్లో ఉర్దూ మాట్లాడే కుటుంబాల నుండి వచ్చేవారు, తప్పక అడిగే ప్రశ్న ఒకటి ఉన్నది: "సార్, ఛందస్సు, వ్యాకరణం మాకు వస్తాయా?" ఈ ప్రశ్నలో భయం ఉన్నది, నిజాయితీ కూడా ఉన్నది. దానికి "వస్తాయి, భయపడకండి" అని ఒక్క మాటతో సమాధానం చెప్పి పంపడం తేలిక. కాని అది అధ్యాపక ధర్మం కాదు. ఎంత శ్రమిస్తే వస్తాయి, ఏ విధంగా శ్రమిస్తే వస్తాయి, విద్యార్థి నుండి కళాశాల ఏమి ఆశిస్తున్నది, కళాశాల నుండి విద్యార్థి ఏమి ఆశించవచ్చును అనే విషయాలు ముందుగానే చెప్పడం న్యాయం. ఆ ఉద్దేశంతోనే ఈ వ్యాసం.

ఇందులో పరీక్షా ఫలితాన్ని మించిన విషయం ఉన్నది. బచ్చన్నపేట పరిసర గ్రామాల నుండి వచ్చే విద్యార్థులలో పెక్కుమంది తమ ఇంటిలో డిగ్రీ తరగతి మెట్టెక్కిన మొదటి వ్యక్తులు. తాత్పర్యాలు కంఠస్థం చేసి, గణవిభజన ప్రశ్నను విడిచిపెట్టి, ఎట్లాగో గట్టెక్కవచ్చును. కాని అదే విద్యార్థి రేపు భాషాపండిత శిక్షణకు గాని, ఉపాధ్యాయ నియామక పరీక్షకు గాని కూర్చున్నప్పుడు, విడిచిపెట్టిన ఆ ప్రశ్నలే ఎదురుగా వచ్చి నిలుస్తాయి. ఒక్క మార్కు తేడాతో ఉద్యోగం చేజారితే, దానితోపాటు ఒక కుటుంబం ఆశ కూడా చేజారుతుంది.

కాఠిన్యం ఎక్కడ ఉన్నది?

మొదట కాఠిన్యం ఎక్కడ ఉన్నదో గుర్తించాలి. ఐచ్ఛిక తెలుగులో మూడు మెట్లున్నాయి. మొదటిది పద్యాన్ని చదవడం, అనగా సంధులు విడదీసి, పదాలు గుర్తించి, అన్వయం కుదుర్చుకోవడం. రెండవది వ్యాకరణం. 1858లో వెలువడిన చిన్నయసూరి బాలవ్యాకరణం పది పరిచ్ఛేదాల గ్రంథం. సంజ్ఞతో మొదలై ప్రకీర్ణకంతో ముగిసే ఆ గ్రంథంలో ఒక సూత్రం మరొక సూత్రంపై ఆధారపడి ఉంటుంది. మధ్యలో నాలుగు తరగతులు మానిన విద్యార్థికి అయిదవ తరగతి అర్థం కాకపోవడానికి కారణం బుద్ధిమాంద్యం కాదు, ఆ పరస్పర సంబంధం. మూడవ మెట్టు ఛందస్సు.

ఉర్దూ ఇంటి బిడ్డకు ఈ మూడింటిలోను కొన్ని ఇబ్బందులున్న మాట వాస్తవమే. ఉర్దూలో 'ళ', 'ణ' ధ్వనులు లేవు గనుక 'కల', 'కళ' అనే మాటల భేదం చెవికి ఆలస్యంగా పట్టుబడుతుంది. అయితే అదే బిడ్డకు ఒక సౌలభ్యం కూడా ఉన్నది. ఖ, ఘ, ధ, భ వంటి మహాప్రాణాలు ఉర్దూలో నిత్యం పలికేవి. 'ధనము', 'భారము' అనే మాటలలో ఒత్తు మరచిపోయే పల్లెటూరి తెలుగు విద్యార్థి కంటె అతడు వాటిని స్పష్టంగా పలుకగలడు. కనుక ఎవరికి వారు తమ లోపాన్నే కాక బలాన్ని కూడా ఎరిగి ఉండాలి. ఇద్దరూ ఒకే బల్లపై కూర్చుని చదివితే ఒకరి బలం మరొకరికి పాఠమవుతుంది.

ఉస్మానియా నేర్పిన పాఠం

ఇంటి భాష వేరు, తరగతి భాష వేరు అయినప్పుడు ఏమి జరుగుతుందో తెలుసుకోవడానికి మనం దూరదేశాలకు పోనవసరం లేదు. మన హైదరాబాదు చరిత్రలోనే గొప్ప ఉదాహరణ ఉన్నది.

ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఫర్మానాతో 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం స్థాపితమైనది. ఉన్నత విద్యను ఆంగ్లంలో కాక ఒక దేశభాషలో, ఉర్దూలో, బోధించాలని అది సంకల్పించింది. చరిత్ర, గణితం, భౌతికశాస్త్రం మాత్రమే కాదు, న్యాయశాస్త్రం, వైద్యం, ఇంజనీరింగు కూడా ఉర్దూలోనే బోధించారు. ఆంగ్లం నిర్బంధ భాషగా ఉండేది. తెలుగు పల్లె నుండి వెళ్లిన విద్యార్థి స్థితిని ఒకసారి ఊహించండి. ఇంట్లో తెలుగు, పాఠం ఉర్దూ, నిర్బంధ భాష ఆంగ్లం. శాస్త్ర పరిభాష అరబీ, పారసీ ధాతువుల నుండి కొత్తగా నిర్మించినది.

ఇక్కడ గమనింపదగిన విషయం ఒకటి ఉన్నది. ఆ విశ్వవిద్యాలయం విద్యార్థిని అడగడానికి ముందు తన పని తాను చేసింది. తరగతులు 1919లో ప్రారంభమైనవి. కాని 1917లోనే 'దారుత్తర్జుమా' అనే అనువాద సంస్థను నెలకొల్పారు. మౌల్వీ అబ్దుల్ హక్ వంటి పండితుడు దాని బాధ్యత వహించారు. పరిభాషను నిర్ణయించడానికి పండితులు కూర్చుని చర్చించారు. కాలక్రమాన వందలాది గ్రంథాలు ఉర్దూలోకి వచ్చాయి. అనగా విద్యార్థి బల్లపై కూర్చునే నాటికి అతని చేతికి పుస్తకం అందించాలనే ఆలోచన ముందుగానే జరిగినది. కఠినమైన పాఠ్యాంశాన్ని ప్రవేశపెట్టే ప్రతి విద్యాసంస్థ నేర్చుకోవలసిన నీతి ఇది.

అయితే నాణేనికి రెండవ వైపు కూడా చెప్పుకోవాలి. కొద్దిమందికి మెట్టుగా ఉపయోగపడిన ఆ ఉర్దూ మాధ్యమం, ప్రజలలో అధికసంఖ్యాకుల మాతృభాష తెలుగు అయిన పల్లెలలో పెక్కుమంది పిల్లలకు అడ్డుగోడ అయినది. అందుచేతనే 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి గారి అధ్యక్షతన ప్రారంభమైన నిజాం రాష్ట్రాంధ్ర మహాసభ మాతృభాషలో విద్య కోసం గొంతు విప్పవలసి వచ్చినది. తెలంగాణలో తెలుగు కవులు లేరన్న మాటకు సమాధానంగా 1934లో సురవరం వారు 354 మంది కవుల రచనలతో 'గోలకొండ కవుల సంచిక'ను వెలువరింపవలసి వచ్చినది. కనుక కష్టమన్నది తనంతట తాను గొప్పది కాదు. సహాయం చేయకుండా నెత్తిన పెట్టినది భారం. సహాయం అందిస్తూ, ఇష్టపడి స్వీకరించినది సాధన. మన కళాశాలలో ఐచ్ఛిక తెలుగు ఈ రెండింటిలో ఏది కావాలన్నది విద్యార్థి చేతిలోను, కళాశాల చేతిలోను సమానంగా ఉన్నది.

ఆ సాధన చేసినవారి ఫలితాలు మన కళ్లయెదుటనే ఉన్నాయి. డాక్టర్ సి. నారాయణరెడ్డి గారు డిగ్రీ వరకు ఉర్దూ మాధ్యమంలో చదివి, ఉస్మానియాలో తెలుగు ఎం.ఏ. చేసి, ఆధునికాంధ్ర కవిత్వంపై పరిశోధించి, 'విశ్వంభర' కావ్యానికి జ్ఞానపీఠ పురస్కారం పొందారు. ఉర్దూ గజల్ నడకను తెలుగు గజల్‌లో పలికించారు. నేటి మహబూబాబాద్ జిల్లాలోని చిన్నగూడూరులో జన్మించిన దాశరథి కృష్ణమాచార్యులు గారు 1961లో 'గాలిబ్ గీతాలు' ద్వారా గాలిబ్‌ను తెలుగు ఇళ్లలోనికి తెచ్చారు. కాళోజీ నారాయణరావు గారు తెలుగుతోపాటు ఉర్దూ, హిందీ, మరాఠీ భాషలలో కూడా కలం నడిపారు. ఆదిలాబాదు ప్రాంతానికి చెందిన సామల సదాశివ గారు అమ్జద్ హైదరాబాదీ రుబాయీలను తెలుగు చేశారు.

ఆవలి ఒడ్డు నుండి ఈవలికి వచ్చినవారు కూడా తక్కువవారు కారు. పిఠాపురానికి చెందిన ఉమర్ ఆలీషా కవి (1885-1945) ఉమర్ ఖయ్యాం రుబాయీలను తెలుగు పద్యాలలోనికి తెచ్చారు. అదే ఖయ్యాం కోసం నెల్లూరు సీమ రైతుబిడ్డ దువ్వూరి రామిరెడ్డి గారు పారసీ నేర్చుకొని 'పానశాల' రచించారు. ఒకరు ఈ భాష నుండి ఆ భాషకు, మరొకరు ఆ భాష నుండి ఈ భాషకు నడిచారు. ఇంకా వెనుకకు పోతే, అచ్చ తెలుగు కావ్యాలలో మొదటిదైన పొన్నికంటి తెలగన 'యయాతి చరిత్ర'ను అంకితం పొందినవాడు పటాన్‌చెరు ప్రాంతపు గోలకొండ అధికారి అమీన్‌ఖాన్. అద్దంకి గంగాధరకవి 'తపతీ సంవరణోపాఖ్యానం' ఇబ్రహీం కుతుబ్‌షాకు అంకితం. తెలుగు ముస్లిములకు పరాయి భాష అనేవారికి ఈ అంకితాలే సమాధానం.

ఒక చిన్న అభ్యాసం

ఇప్పుడు ఛందస్సు అన్న భయం సంగతి చూద్దాం. నియమం చిన్నది. హ్రస్వాక్షరం లఘువు. దీర్ఘాక్షరం గురువు. సంయుక్తాక్షరానికి, ద్విత్వాక్షరానికి ముందున్న అక్షరం గురువు. సున్నతో, విసర్గతో, పొల్లు హల్లుతో కూడినది గురువు. విద్యార్థులు ఎక్కువగా పొరబడే చోటు ఒక్కటే. ఒత్తు ఉన్న అక్షరాన్నే గురువు అనుకుంటారు. గురువయ్యేది దాని ముందున్న అక్షరం.

మన ఊరి పేరునే తీసుకోండి. 'బచ్చన్నపేట'లో బ గురువు, చ్చ గురువు, న్న లఘువు, పే గురువు, ట లఘువు. మొదటి మూడక్షరాలు త గణం. మిగిలిన రెండు గలము, అనగా హ గణం. 'ఉస్తాదు' కూడా త గణమే. 'కితాబు' జ గణం. 'కలము' న గణం. ఇంట్లో రోజూ పలికే మాటలలో గణాలు దాగి ఉన్నాయి. వాటిని వెదకడానికి పెద్ద గ్రంథం అవసరం లేదు.

మరొక మెట్టు ఎక్కుదాం. పోతన పేరుతో ముడిపడిన బమ్మెర, సోమనాథుని పాలకుర్తి మన జనగామ జిల్లాలోనివే. "బమ్మెర పాలకుర్తి జనగామలు" అని పలికి గణాలు కట్టండి. బమ్మెర భ గణం. పాలకు ర గణం. ర్తిజన న గణం. గామలు భ గణం. భ, ర, న, భ! ఉత్పలమాల పాదం మొదలయ్యే తీరు ఇదే. ఆ తరువాత భ, ర, వ వస్తే ఇరవై అక్షరాలు నిండుతాయి. అయితే తొందరపడకండి. ఉత్పలమాలకు పదవ అక్షరం యతిస్థానం. ఇక్కడ పదవ అక్షరం 'గా'. మొదటి అక్షరం 'బ'. రెండింటికి యతిమైత్రి లేదు. గణాలు కుదిరినా పద్యపాదం కుదరలేదు. ఈ ఒక్క అభ్యాసంతో గణమేమిటో, యతి ఏమిటో, రెండూ ఎందుకు కావాలో ఒకేసారి తెలుస్తుంది.

ఉర్దూ కవిత్వం విన్న చెవికి మరొక దారి కూడా ఉన్నది. అరూజ్‌లోని 'ఫఊలున్' అనే రుక్న్‌ను మన లెక్కన విడదీస్తే ఫ లఘువు, ఊ గురువు, లున్ గురువు. ఇది మన య గణం. 'ఫఊలున్' నాలుగుసార్లు వస్తే ముతకారిబ్ బహర్. య గణం నాలుగుసార్లు వస్తే భుజంగప్రయాత వృత్తం. ఫిర్దౌసీ 'షాహ్‌నామా' నడిచిన బహర్ చివరి రుక్న్ కొంత కుదించిన ముతకారిబే. అట్లే 'ఫాఇలున్' మన ర గణం. అది నాలుగుసార్లు వస్తే వారికి ముతదారిక్, మనకు స్రగ్విణి. ముషాయిరాలో తల ఊపిన విద్యార్థి తనకు తెలియకుండానే సగం ఛందస్సు నేర్చుకున్నట్లే.

అయితే భేదాలను కూడా గుర్తుంచుకోవాలి. ఉర్దూలో బహర్ కోసం మాట చివరి దీర్ఘాన్ని కొన్నిచోట్ల హ్రస్వంగా పలుకవచ్చును. తెలుగు వృత్తంలో ఆ వెసులుబాటు లేదు, దీర్ఘం ఎక్కడ ఉన్నా గురువే. ఉర్దూలో కాఫియా షేర్ చివర, రదీఫ్‌కు ముందు వస్తుంది. తెలుగులో ప్రాస ప్రతి పాదంలోను రెండవ అక్షరంగా వస్తుంది. పోలికతో ప్రవేశించి, భేదంతో స్థిరపడాలి. తెలిసినదానిని ఆధారం చేసుకొని తెలియనిదానిని అందుకోవడమే నిజమైన అధ్యయన పద్ధతి.

విద్యార్థి చేయవలసినది

విద్యార్థి నుండి కళాశాల ఆశించేది అసాధ్యమైనది కాదు. మొదటిది హాజరు. నూటికి డెబ్బది అయిదు శాతం హాజరు నియమం పరీక్షకు కూర్చునే అర్హత కోసమే అని చాలామంది అనుకుంటారు. 90 బోధనా దినాల సెమిస్టరులో నాలుగవ వంతు మానితే పోయేవి 22 రోజులకు పైగా. సంధి పరిచ్ఛేదం చెప్పిన రోజులు అందులో పడితే సమాస పరిచ్ఛేదం చీకటిలో నడకే. బస్సు రాని రోజు, పొలం పని రోజు, ఇంటిలో అనారోగ్యం వచ్చిన రోజు తప్పనిసరి. అట్టి రోజున మానిన పాఠాన్ని మరునాడే సహాధ్యాయి వద్ద రాసుకొని, అర్థం కానిది అధ్యాపకుని అడగడం విద్యార్థి బాధ్యత.

రెండవది రోజుకు ఒక పద్యం. ముందు గొంతెత్తి చదవాలి. తరువాత పదవిభాగం, అన్వయం, ప్రతిపదార్థం, తాత్పర్యం, చివరగా గణవిభజన. ఈ క్రమం మారకూడదు. తాత్పర్యాన్ని ముందుగా గైడులో గాని, ఫోనులో గాని చూసినవాడు పద్యాన్ని ఇక ఎన్నడూ చదవడు. తాను చదివాననుకొంటాడు, అంతే. ఒక సెమిస్టరుకు 90 పద్యాలు, మూడు సంవత్సరాల ఆరు సెమిస్టర్లకు 540 పద్యాలు. ఇన్ని పద్యాలు తన చేతితో విడదీసిన విద్యార్థిని ఏ పరీక్షాధికారి ప్రశ్నా భయపెట్టలేదు.

మూడవది నిఘంటువు. బహుజనపల్లి సీతారామాచార్యుల 'శబ్దరత్నాకరం', బ్రౌన్ నిఘంటువు మొదలైనవి ఫోనులో సైతం చూడవచ్చును. ఫోను చేతిలో ఉండడం దోషం కాదు. దానిలో జవాబు వెదకడం వేరు, పదం వెదకడం వేరు. మొదటిది బుద్ధిని నిద్రపుచ్చుతుంది, రెండవది మేల్కొలుపుతుంది.

నాలుగవది అడగడం. తరగతిలో లేచి అడిగితే ఉచ్చారణ చూసి నవ్వుతారేమో అన్న జంకు ఉర్దూ ఇంటి విద్యార్థులలో, విశేషించి విద్యార్థినులలో, కనిపిస్తుంది. ఆ జంకు సహజమే. అయితే నవ్వే విద్యార్థికి కూడా ఒక బాధ్యత ఉన్నదని మరువరాదు. సహాధ్యాయి నోట తప్పు దొర్లితే సరిదిద్దడం సంస్కారం, నవ్వడం అజ్ఞానం. 'షీన్-కాఫ్' సరిగా పలకలేక తెలుగు విద్యార్థి ఉర్దూ తరగతిలో పడే బాధ కూడా ఇటువంటిదే కదా!

కళాశాల చేయవలసినది

కళాశాల కమిటీ పెద్దలకు కూడా సవినయంగా రెండు మాటలు. విద్యార్థిని నిలదీసే ముందు దారుత్తర్జుమా వలె ముందుగా సిద్ధపడవలసినది సంస్థ. గ్రంథాలయంలో శబ్దరత్నాకరం, బాలవ్యాకరణం ఒక్కొక్క ప్రతి తాళం వేసిన బీరువాలో ఉంటే చాలదు. బల్లమీద విద్యార్థి చేతికి అందేటట్లు ఉండాలి. ఉర్దూ-తెలుగు నిఘంటువు ఒకటి తప్పనిసరిగా ఉండాలి. ఉర్దూ శాఖ, తెలుగు శాఖ కలసి వారానికి ఒక గంట అరూజ్, ఛందస్సులను తులనాత్మకంగా బోధించగలిగితే, రెండు భాషలున్న మన కళాశాలకు అది సహజమైన శోభ. అందుకు ధనవ్యయం అక్కరలేదు, కాలపట్టికలో ఒక గడి చాలు. ఆఖరి బస్సు వేళకు ముందే తరగతులు ముగిసేటట్లు చూడడం కూడా బోధనలో భాగమే. ఎందుకంటే బస్సు తప్పుతుందన్న దిగులుతో కూర్చున్న విద్యార్థినికి ఏ పద్యమూ తలకెక్కదు.

ఇక అధ్యాపకులం. పాఠం కఠినమైనదని చెప్పి విద్యార్థిని భయపెట్టడం గాని, తేలికైనదని చెప్పి మభ్యపెట్టడం గాని మా పని కాదు. మెట్టు ఎంత ఎత్తున ఉన్నదో చూపి, కాలు పెట్టే చోటు చూపడం మా పని. మధ్యంతర పరీక్ష పత్రాన్ని మార్కు వేసి ఇచ్చివేయడంతో పని తీరదు. ఏ అక్షరం వద్ద గణం తప్పినదో ఎర్ర సిరాతో గుర్తించి ఇచ్చినప్పుడే అది బోధన అవుతుంది.

ప్రియ విద్యార్థినీ విద్యార్థులారా! మీరు ఎన్నుకొన్న పాఠ్యాంశం కఠినమైనదే. దానిని తేలిక చేయమని అడగకండి, దానికి తగిన తోడ్పాటు అడగండి. అది మీ హక్కు. ఆ తోడ్పాటు అందిన నాడు శ్రమించడం మీ విధి. పోతన, సోమనాథుల పేర్లు మోసే ఊళ్ల నడుమ, ఉర్దూ, తెలుగు ఒకే వీధిలో వినిపించే నేలపై పుట్టడం మీకు దక్కిన అదృష్టం. ఆ రెండు భాషలను రెండు చేతులుగా చేసుకొని పని మొదలుపెట్టండి. ఈ సాయంత్రమే ఒక పద్యం తీసుకొని, గొంతెత్తి చదివి, గురులఘువులు గుర్తించండి. రేపు తరగతికి వచ్చేటప్పుడు తప్పైనా సరే, రాసినది వెంట తీసుకొని రండి.